తొడపాశం

సక్కుబాయి జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. సాతంరాయి దగ్గర, బెంగళూరు రోడ్డును ఆనుకుని పోయే సర్వీస్ రోడ్డు మీద, మూతపడ్డ ఒక ఫంక్షన్ హాల్ ప్రహరీ పక్కన ఆమె పొయ్యి. రొట్టె కాల్చే ఒక పెంక, రెండు పీటలు, నెత్తి మీద ఎండకు అడ్డంగా నీలిరంగు తాడిపత్రి పట్టా, అంతే దుకాణం. ఎయిర్‌పోర్టులో సవారీలను దింపి, మళ్లీ పిలుపు వచ్చేదాకా పొద్దుపుచ్చే క్యాబ్ డ్రైవర్లు అక్కడే నిలబడి, ఎల్లిపాయ కారం అద్దుకుని తింటారు. రెండు చేతుల మధ్య రొట్టె తట్టే చప్పుడు రోడ్డు అవతలికి వినిపిస్తుంది. విమానం దిగేటప్పుడు మాత్రం చేతులు ఆడుతూనే ఉంటాయి, చప్పుడు వినపడదు.

ఆ ప్రహరీ కోతులది. హాల్ వెనుక ఉండే గుట్టను పగలగొట్టి ప్లాట్లు చేసినప్పటి నుంచి అవి ఇక్కడికి కాపురం మార్చాయి. పెళ్లిళ్లు బందయ్యాయి, కోతుల సంసారాలు మొదలయ్యాయి అంటాడు ఈశ్వరయ్య, సక్కుబాయి పెనిమిటి. నీళ్ల ట్యాంకర్ నడుపుతాడు. ఏ మాట మాట్లాడినా అందులో సగం ఎకసెక్కమే.

ఏళ్ల తరబడి గోడకు ఇటు మనిషి, గోడ మీద కోతులు బతికితే ఒకరి చుట్టరికాలు ఇంకొకరికి తెలియకుండా ఎలా పోతాయి. ఆ గుంపుకు పెద్ద ఒక ముసలి ఆడకోతి. పై పెదవి చీలి ఉంటుంది కాబట్టి సక్కుబాయి దాన్ని చీలమూతి అంటుంది. ముసలిదైనా పోయినేడు కూడా ఒక పిల్లను కన్నది. దాని కూతుళ్లు, కూతుళ్ల కూతుళ్లు అందరూ దాని చుట్టే కూర్చుంటారు. ఎవరి నెత్తిలో ఎవరు పేలు చూస్తున్నారో చూస్తే చాలు, ఎవరు ఒక కడుపున పుట్టారో చెప్పొచ్చు. మగవి అలా కాదు. మూతి మీద మీసం వచ్చినట్టు కాస్త కండ పట్టగానే గుంపు విడిచి ఎటో పోతాయి; వాటి బదులు ఎక్కడివో కొత్తవి వచ్చి, ముందు దూరంగా కూర్చుని, తన్నులు తిని, మెల్లగా లోపలికి చేరతాయి.

ఈ సంగతి ఒకసారి పెనిమిటికి చెప్పింది. "వీళ్లల్ల ఆడపిల్లను అత్తగారింటికి తోలేదే లేదు. పుట్టిన కాడనే ముసలిదైతది."

"అంటె మొగోళ్లే ఇల్లరికం పోతరన్నట్టు," అన్నాడు ఈశ్వరయ్య. "నేను కోతిగ పుట్టుంటె బాగుండు. మీ అమ్మ చేతి వంట తినుకుంట మీ ఊర్లనే ఉండేటోణ్ని."

"ఇప్పుడు మాత్రం ఏం తక్కువున్నవ్."

ఎకసెక్కానికి అన్నాడు గానీ, ఆ మాట సక్కుబాయి మనసులో వేరే చోట తగిలింది. ఆమెకు ఒక్కతే బిడ్డ, సంతోషి. షాద్‌నగర్‌కు ఇచ్చారు. మొదటి కాన్పుకని అప్పుడే పుట్టింటికి వచ్చి ఉంది. కాన్పయి బాలింత లేచాక మళ్లీ పోవలసిందే.

ఆ ఎండాకాలం చీలమూతి కూతురొకటి పిల్లను కన్నది. పుట్టిన కోతిపిల్లను చూశారు కదా, ఒంటి మీద బొచ్చు బొగ్గులా నల్లగా ఉంటుంది, మొహం మాత్రం గులాబీ రంగు. ఆ నల్లబొచ్చు ఉన్నంతకాలం గుంపులో దాని రాజ్యమే. ఎవరి తోక లాగినా ఏమనరు. పెళ్లికాని పడుచుల్లాంటి ఆడకోతులు వచ్చి తల్లిని బతిమాలినట్టు పేలు చూసి, పిల్లను ఒక్క ఘడియ ఎత్తుకుని పోతాయి. మగవి కూడా చంకన పెట్టుకుంటాయి. బొచ్చు మట్టిరంగుకు తిరిగిందా, అయిపోయింది ఆ వైభోగం. అప్పుడు ఎవరి పిల్ల వారికే.

ఒక పొద్దున రోడ్డు మలుపులోని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర టప్పుమని చప్పుడైంది. సక్కుబాయి చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. తల్లికోతి కింద పడి ఉంది. దాని పొట్టకు కరుచుకుని నల్లపిల్ల, బతికే ఉంది.

కోతి చస్తే ఊరు ఊరుకోదు. ఈశ్వరయ్య అన్న రాములు ఆంజనేయస్వామి భక్తుడు, భజన మండలికి పెద్ద. ఆయన వచ్చి, "సచ్చింది కోతి కాదు, అంజన్న," అన్నాడు. ఇంక ఆగేది ఏముంది. కుర్చీ తెచ్చారు, దండలు తెచ్చారు, డప్పులు పిలిచారు. నొసటికి సింధూరం పెట్టి, నడుముకు కాషాయం గుడ్డ మగవాళ్ల గోచీలా బిగించారు.

"బావా, అది ఆడది. బాలింత," అన్నది సక్కుబాయి.

"అంజన్నకు ఆడ మగ ఏందమ్మా."

గుడ్డ బిగించేటప్పుడు పిల్ల అడ్డం వచ్చింది. అది అప్పటికీ తల్లి చన్ను నోట్లో పెట్టుకునే ఉంది. రాములు దాని వేళ్లను ఒక్కొక్కటే విడిపించి, కీచుమంటున్న పిల్లను మరదలి చేతిలో పెట్టాడు. "జర పట్టుకో. అంజన్నను సాగనంపినంక చూద్దాం."

చీలమూతి గోడ దిగి వచ్చింది. మనుషులకు చేతికందేంత దగ్గర కూర్చుని, గొంతు లోపల నుంచి కూ, కూ అని పిలుస్తూ ఉంది. మిగతా గుంపంతా గోడ మీద వరుసగా ఉంది. అప్పుడు సక్కుబాయి పిల్లను గోడ మీద పెట్టి పక్కకు జరిగి ఉంటే ఈ కథ అక్కడికి అయిపోయేది. కానీ అదే ఘడియలో ఎవరో టపాకాయల లడీ అంటించారు. గుంపు ఎటు పోయిందో తెలియలేదు. డప్పు మోగింది. సావుకు వచ్చిన మనిషి మట్టి వేయకుండా మధ్యలో తిరిగిపోకూడదు. పిల్లను కొంగులో చుట్టుకుని సక్కుబాయి కూడా నడిచింది.

ఇంటికి వచ్చాక చేసిన పనే అసలు పొరపాటు. దానికి ఎవరినీ తప్పు పట్టలేం, ఏ తెలుగింటి ఆడమనిషైనా అదే చేస్తుంది. సావుకాడికి వెళ్లొచ్చిన ఒళ్లు, తానం చెయ్యకుండా గడప తొక్కకూడదు. పైగా లోపల కడుపుతో ఉన్న కూతురు. సక్కుబాయి దొడ్డి దగ్గర నెత్తి మీద నీళ్లు పోసుకుంది. తర్వాత పిల్లను చూసింది. శవాన్ని అందరికంటే ఎక్కువ అంటుకున్నది అదే కదా. నీళ్లు గోరువెచ్చగా చేసి, గుప్పెడు పసుపు కలిపి, పుట్టిన బిడ్డకు పోసినట్టే కాళ్ల మీద పండబెట్టుకుని రుద్ది రుద్ది పోసింది. సున్నిపిండి కూడా పెట్టింది. పిల్ల మొహం, చెవులు, పొట్ట పచ్చగా మెరిశాయి. సంతోషి చూసి నవ్వింది. "అమ్మా, పెళ్లికూతురు లెక్కనే ఉంది."

పొద్దు గూకకముందు పిల్లను తీసుకుని గోడ దగ్గరికి పోయింది. చీలమూతి తిరిగి వచ్చి ఉంది. మిగతావి రాలేదు, అది ఒక్కతే వచ్చింది. సక్కుబాయి పిల్లను గోడ మీద పెట్టి వెనక్కి జరిగింది. చీలమూతి గబగబా వచ్చి పిల్ల నెత్తి వాసన చూసింది. కాలెత్తి చూసింది. గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది. ఆ పచ్చటి మొహాన్ని చూస్తూ కాసేపు అలాగే ఉండి, ఒక తుమ్ము తుమ్మి, చెయ్యి గోడకు తుడుచుకుంది. పిల్ల దాని పొట్టకింద దూరబోతే పళ్లు చూపించి నెట్టేసింది. గోడ వెంబడే నడుస్తూ పోయింది. రెండుసార్లు ఆగి వెనక్కి చూసింది, రాలేదు.

"పసుపు ఏం పాపం జేసిందే," అన్నది సంతోషి, ఇంటికి తిరిగొచ్చిన తల్లి ఏడుపు మొహం చూసి, సంగతి విని.

"పసుపు కాదు బిడ్డా. దాని తల్లి వాసన కడిగేసిన నేను. మనకు మైల అనిపించింది వాటికి ఆనవాలు."

మర్నాటి నుంచి గుంపు ఆ గోడ మీదికి రావడమే మానేసింది. టపాకాయల భయమో, ట్రాన్స్‌ఫార్మర్ భయమో, రైల్వే పట్టాల వైపు నీలగిరి చెట్లలోకి మారింది. పిల్ల సక్కుబాయి దగ్గరే ఉండిపోయింది.

మెడికల్ షాపులో చుక్కల మందు సీసా తెచ్చి మేకపాలు పట్టింది. పిల్ల ఆమె రొమ్ము మీద పట్టిన పట్టు విడవదు. కింద పెడితే ప్రాణం పోయినట్టు అరుస్తుంది. దాన్ని జాకెట్ మీద కొంగు కింద వేలాడేసుకునే రొట్టెలు చేసేది. "నల్లి పట్టుకున్నట్టు పట్టుకుందే," అన్నాడు ఈశ్వరయ్య. నల్లగా ఉంది, నల్లిలా పట్టుకుంది, అదే దాని పేరైంది.

డ్రైవర్లు ఊరుకుంటారా. "అక్కా, బిడ్డ కంటె ముందుగాల నీకే కాన్పు అయిందేంది?"

"నీకు రొట్టె కావాల్నా, కాన్పు ముచ్చట కావాల్నా. రెండూ కావాల్నంటె రొట్టె మాడుతది."

ఆ రొట్టెల దగ్గరే మనీషా పరిచయమైంది. రాజేంద్రనగర్‌లో పశువుల డాక్టరు చదువుతున్న పిల్ల, ఊరు తెనాలి దగ్గర. స్కూటీ ఆపి ఒక రొట్టె తిని, కొంగు కింద కదిలేదేంటో చూసి, ఇంక కదలలేదు.

"సక్కుబాయి గారూ, ఒక్కసారి చూడొచ్చాండీ?"

"గారు గీరు వద్దు బిడ్డా. ఎవరన్న వింటె నన్ను టీచరమ్మ అనుకుంటరు."

మనీషా పిల్లను తిప్పి చూసి, "ఆడపిల్లేనండీ," అన్నది. అలా అన్నాక కాస్త ఆలోచించింది. "మగదైతే కొంచెం నయం. పెద్దయ్యాక ఏదో ఒక గుంపు వెతుక్కునేది. ఆడదానికి ఆ దారి లేదు. పుట్టిన గుంపు చేర్చుకోకపోతే ఇంక ఎవరూ చేర్చుకోరు."

"మొహం కడిగిన కొద్ది పసుపు పోయింది. ఇప్పుడు తీస్కపోతె?"

"తీసుకెళ్లాలి, తొందరగా. బొచ్చు రంగు మారకముందే. మా పుస్తకాల్లో కూడా..."

"నల్లగున్నన్ని దినాలే అందరి పిల్ల. అది నాకెర్కే," అన్నది సక్కుబాయి. "రంగు తిరిగితె?"

మనీషా పిల్లను మళ్లీ కొంగు కిందికి చేర్చింది. "అడవిశాఖ వాళ్లకి ఇవ్వొచ్చు. వాళ్లు బాగానే చూస్తారు, కానీ పంజరంలో. మీరే పెంచితే మూడేళ్లకి మిమ్మల్ని కరుస్తుంది. అదొక్కటే కాదండీ. కోతి పిల్లను ఎలా పట్టుకోవాలో, ఎలా పాలివ్వాలో పుడుతూనే నేర్చుకుని రాదు. గుంపులో ఉండి, వాళ్లూ వీళ్లూ ఎత్తుకోవడం చూసి, తనూ ఎత్తుకుని నేర్చుకుంటుంది. మనుషుల దగ్గర పెరిగిన ఆడకోతికి రేపు పిల్ల పుడితే, అదేంటో తెలియక భయపడి పక్కన పడేస్తుంది ఒక్కోసారి."

పెంక మీద రొట్టె నల్లబడింది. పక్కన ఉన్న డ్రైవర్ చెప్పేదాకా సక్కుబాయి చూడలేదు.

గుంపు మాత్రం దొరకలేదు. నీలగిరి చెట్ల దాకా పోతే ఇంకా అవతలికి జరిగేవి. నల్లి మాత్రం పెరుగుతూనే ఉంది. ఇంట్లో పరేషాన్ మొదలైంది. సక్కుబాయి కూతురి కాళ్లకు నూనె రాస్తుంటే నల్లి మధ్యలో దూరి ఆ కాళ్లను నెట్టేది. సంతోషి తల్లి ఒళ్లో తల పెట్టుకుంటే జుట్టు పట్టి లాగేది. ఒకనాడు పక్కింటి చంటిదాన్ని ఎవరో సక్కుబాయి ఒళ్లో కూర్చోబెట్టారు. కన్ను మూసి తెరిచేలోపల నల్లి దాని చెంప మీద గోళ్లు దించింది. చిన్న గీతలే, రక్తం చుక్క కూడా రాలేదు. సంతోషి ఆ గీతల వంక, తన కడుపు వంక చూసుకుని, "అమ్మా, నాకు భయమైతుంది," అన్నది.

షాద్‌నగర్ వియ్యపురాలికి ఎవరు చేరవేశారో, ఫోన్ వచ్చింది. "వదినె, కోతి తిరిగే ఇంట్ల కడుపుతోని ఉన్న పిల్లను ఉంచుతరా? నువ్వే చెప్పు. అది ఉంటదా, మా కోడలు ఉంటదా?"

"మీ కోడలు నా బిడ్డ కాదా వదినె," అన్నది సక్కుబాయి.

"అందుకే అడుగుతున్న."

ఆమె మాటలో తప్పు లేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది. ఫోన్ పెట్టేసి చూస్తే నల్లి కిటికీలో కూర్చుని ఉంది, ఎండ పడుతోంది. దాని నుదుటి మీద, భుజాల మీద వెంట్రుకలు ఎండిన జొన్నాకు రంగులో కనిపించాయి. సక్కుబాయి దగ్గరికి పోయి వేలితో వెనక్కి దువ్వి చూసింది. కొసలు కాదు, మొదళ్లే తిరుగుతున్నాయి.

వానలు మొదలవగానే గుంపు మళ్లీ ఫంక్షన్ హాల్ కప్పు కిందికి వచ్చింది. సక్కుబాయి మనీషాకు ఫోన్ చేసింది. ఇద్దరూ పోయారు. సక్కుబాయి పిల్లను గోడ మీద పెట్టింది. అది ఒక్క దూకు దూకి ఆమె మెడకు చుట్టుకుంది. మళ్లీ పెట్టింది, మళ్లీ దూకింది. చివరికి ఆమె గోడ కింద చతికిలబడి, అది ఒళ్లో ఉండగానే ఎదురుచూసింది. నల్లి కొంగు అంచు చీకుతూ హాయిగా ఉంది. పైన కోతులు చూశాయి, గోక్కున్నాయి, మళ్లీ పేలు చూసుకోవడంలో పడ్డాయి. చీలమూతి మాత్రం ఒక్కసారి బాగా వంగి చూసి, తల తిప్పుకుంది.

"గుర్తుపట్టలేదేమోనండీ," అన్నది మనీషా.

"గుర్తుపట్టింది. కాని ఏమని వస్తది? సంతోషి అత్తగారింట్ల నవ్వుకుంట కూసుంటె నేను పోయి గుంజుకొస్తనా? ఏడుస్తుందని తెలిస్తె పోత." అని తనే ఆగిపోయింది. అన్నాక గానీ ఆ మాట ఆమెకే వినిపించలేదు.

ఆమెకు గుర్తొచ్చింది, కిందటేడు ఒక కుక్క కోతికూనను తరిమినప్పుడు అది కీచుమని ఒక్క అరుపు అరిచింది. తల్లి ఎక్కడుందో గానీ, తల్లి కానివన్నీ కూడా గోడ మీంచి రాళ్లు దొర్లినట్టు దూకాయి. కుక్క మళ్లీ ఆ గల్లీకి రాలేదు.

"ఇది ఏడ్వాలె, బిడ్డా. నా చేతుల మంచిగున్నన్ని దినాలు దీన్ని ఎవ్వరు అడగరు."

మనీషాకు అర్థమైంది. "నేను ఏడిపిస్తానండీ. మీ వల్ల కాదు."

"నువ్వు గిల్లితె అది నా కాడికే ఉరుకుతది. నేనే గిల్లాలె. అది ఉరకనీకి ఇంకో జాగ ఉండొద్దు."

"మీ మీద పడతాయి. కండ ఊడొస్తుంది. నవ్వులాట కాదు."

"నాకెర్కే."

ఇంటికొచ్చి పెనిమిటికి చెప్పింది. ఈశ్వరయ్య బీడీ ముట్టించకుండా చేతిలోనే తిప్పాడు. "ఇన్నొద్దులు పాలు పోసి, ఇప్పుడు గిల్లుతవా," అన్నాడు. ఆ మాటకు ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

మర్నాడు పొయ్యి ముట్టించలేదు. వాన వెలిసి ఎండ కాస్తోంది. మనీషా తెచ్చిన గోనెపట్టా ఎడమ చేతికి మోచేతి దాకా చుట్టుకుంది. కుడిచేతికి చుట్టుకుంటే వేళ్లు పని చేయవని వద్దన్నది. మనీషాను, ఈశ్వరయ్యను రోడ్డు అవతల నిలబెట్టి, "నేను పిలిచేదాంక రావొద్దు," అని చెప్పి గోడ కింద కూర్చుంది. నల్లి ఎప్పటిలాగే ఒళ్లో పడుకుని, ఆమె గాజులు ఒక్కొక్కటి పైకి తోసి జారవిడుస్తూ ఆడుకుంటోంది.

పెళ్లిళ్లలో, సావుల్లో, పిల్లలు నలుగురిలో పేచీ పెడితే తల్లులు ఎవరికీ కనపడకుండా తొడపాశం పెడతారు. సంతోషికి చిన్నప్పుడు సక్కుబాయి ఎన్నోసార్లు పెట్టింది. రెండు వేళ్లతో తొడ లోపలి కండ పట్టుకుని మెలి తిప్పడమే. అది ఏడుపు ఆపడానికి పెట్టేది.

మొదటిసారి మెల్లగా పెట్టింది. నల్లి గాజులు వదిలేసి ఆమె మొహంలోకి చూసింది. పెదాలు టపటపా ఆడించింది. కోతులు, నువ్వూ నేనూ ఒకటే, కొట్టుకోవద్దు అని చెప్పుకునేటప్పుడు అలా పెదాలు ఆడిస్తాయి. సక్కుబాయి వద్దకు వచ్చి నేర్చుకున్నది కాదు అది, పుట్టుకతో వచ్చింది. ఎవరూ నేర్పకుండా అదొక్కటి వచ్చింది దానికి.

రెండోసారి గోరు దించింది. నల్లి మూలిగింది గానీ అరవలేదు. ఆమె రొమ్ములోకి ఇంకా గట్టిగా దూరి, రెండు చేతులతో జాకెట్ పట్టుకుంది. నొప్పి పెట్టేది ఎవరో తెలియదు దానికి. నొప్పి అయినప్పుడు పట్టుకోవలసింది ఈమెనే అని మాత్రమే తెలుసు.

సక్కుబాయి గోడ వంక చూడలేదు, పిల్ల వంకా చూడలేదు. జాకెట్ నుంచి దాని వేళ్లను ఒక్కొక్కటే విడిపించింది. ఇదివరకు బావ చేసిన పనే. ఒంటికి దూరంగా, చేయి చాపి, దాన్ని ఒక్క రెక్క పట్టి వేలాడదీసి, మూడోసారి తొడపాశం పెట్టి మెలి తిప్పింది.

అప్పుడు అరిచింది. చిన్న గొంతు, అయినా సర్వీస్ రోడ్డు మీద స్కూటర్లు ఆగాయి.

గోడ మీద నుంచి ముందు దూకినవి రెండు మగవి. ఒకటి గోనెపట్టాను పట్టి గుంజింది. ఇంకొకటి కొంగు చింపింది. సక్కుబాయి కళ్లు మూసుకుంది, పిల్లను మాత్రం వదల్లేదు. వదిలితే మళ్లీ మెడకు చుట్టుకుంటుంది. ఎవరో వచ్చి గుంజుకోవాలి. కుడి మణికట్టు మీద పళ్లు దిగాయి. కళ్లు తెరిస్తే ఎదురుగా చీలిన పెదవి. నొప్పికి రెండు చేతుల వేళ్లూ వాటంతటవే విడిపోయాయి. చీలమూతి పిల్లను పొట్టకింద అదుముకుని మూడు కాళ్ల మీద గోడెక్కింది. గుంపంతా దాని చుట్టూ మూసుకుపోయింది. మగవి కిందే నిలబడి ఇంకా ఆమె మీదికి గుర్రుమంటున్నాయి.

ఈశ్వరయ్య పిలవకుండానే వచ్చి ఆమెను రెక్క పట్టి లేపి రోడ్డు దాటించాడు. కర్ర ఎత్తబోతే, "కొట్టకు. పైసలిచ్చి పచ్చబొట్టు పొడిపించుకున్న లెక్కనే కరిపించుకున్న," అన్నది. నవ్వబోయి ఏడ్చింది.

మనీషా ఫోన్ కెమెరాలోంచి గోడ వంక చూస్తూనే ఉంది. "చీలమూతి చన్ను నోట్లో పెట్టుకుందండీ. కానీ..."

"పాలున్నయా?"

"దానికి పోయినేడు పుట్టిన పిల్ల ఇంకా అప్పుడప్పుడు తాగుతోంది కదా. ఉండొచ్చు. చెప్పలేను."

శంషాబాద్ దవాఖానలో కుక్క సూదులే వేశారు, కోతికి కూడా అవే. కొన్ని గాయం చుట్టూరా పొడిచారు. నర్సు రాసుకుంటూ అడిగింది. "కోతి ఎందుకు కరిచిందమ్మా?"

"దాని పిల్లను గిల్లిన."

"మరి కరవదా?"

"కరవాలె," అన్నది సక్కుబాయి. నర్సు తలెత్తి ఒకసారి చూసి, ఇంకేం అడగలేదు.

ఆ గాయం మానకముందే సంతోషికి నొప్పులు వచ్చాయి. ఆడపిల్ల. కట్టు కట్టిన చేత్తో ఎత్తుకోవద్దన్నారు. సక్కుబాయి మంచం పక్కన కూర్చుని నోటితోనే చెప్పింది. మెడ కింద చెయ్యి పెట్టు, అట్ల కాదు, మోచేతి మీద పండబెట్టు, మూతికి తగిలియ్యి, అదే వెతుక్కుంటది. సంతోషి తడబడి, చెమటలు పట్టి, మెల్లగా కుదుర్చుకుంది. వియ్యపురాలు అరిసెలు, సున్నుండలు పట్టుకుని వచ్చింది. ఇల్లంతా కలయజూసి, కోతి ఊసు ఎత్తకుండా, "చెయ్యి ఎట్లుంది వదినె," అని మాత్రం అడిగింది.

పొయ్యి దగ్గరికి మళ్లీ పోతే గుంపు ఆమెను మర్చిపోలేదు. డ్రైవర్లను ఏమీ అనవు, గుడ్డ దులిపినా పట్టించుకోవు; సక్కుబాయి కనపడితే చాలు, గోడంతా లేచి నిలబడుతుంది. పీట వేసుకుంటే పైనుంచి పెచ్చులు రాలుస్తాయి. చివరికి తాడిపత్రి విప్పి, పెంక మోసుకుని, రోడ్డు అవతలికి దుకాణం మార్చింది. అక్కడ నీడ తక్కువ. అన్ని బండ్లూ గోడ వైపే ఆగుతాయి కాబట్టి బేరం కూడా తక్కువ.

అక్కడి నుంచి చూస్తే నల్లి గోరంత కనపడుతుంది. చీలమూతి వీపు మీద ఉన్నది అదేనా, ఇంకోటా అని కళ్లు చికిలించి చూసేది. కడుపు లోపలికి పోయిందా, నిండుగా ఉందా, అంత దూరం నుంచి తెలియదు. బొచ్చు మట్టిరంగుకు తిరిగిపోయింది. కూనల గుంపులో పడితే ఆనవాలు పట్టడం కష్టం. ఒకటి రెండు దినాలు అసలే కనపడకపోతే రొట్టెలు అడ్డదిడ్డంగా వచ్చేవి.

ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక రోడ్డు దాటింది. గోడ చివర రెండు మూడు కూనలు తోకలు లాక్కుని ఆడుతున్నాయి. ఏది తనదో తెలియక ఆమె ఇంకో అడుగు ముందుకు వేసింది. ఒకటి ఆగింది. ఆమెను చూసింది. నోరంతా తెరిచి, ఒళ్లు వణికేలా అరిచి, వెనక్కి పరుగెత్తి చీలమూతి పొట్టకింద దూరింది. అక్కడి నుంచి తల బయటపెట్టి మళ్లీ అరిచింది. గోడంతా లేచింది.

సక్కుబాయి కొంగు నెత్తి మీదికి లాక్కుని, ఎటూ చూడకుండా వెనక్కి వచ్చేసింది. ట్యాంకర్ ఆపి రొట్టె తింటున్న ఈశ్వరయ్య ఆమె మొహం చూసి, ప్లేటు కింద పెట్టాడు.

"ఏమైంది? మళ్ల కరిచిందా?"

"లేదు," అన్నది. పిండి ముద్ద తీసుకుంది గానీ తట్టలేదు. "నన్ను చూసి ఏడ్చింది. ఎంత గట్టిగ ఏడ్చిందో నువ్వు వినలే. కడుపుల పాలు లేకుంటె గంత గొంతు రాదు."